పిలిచే పేరు, రికార్డు పేరు: చెన్నై బడిలో పేరు మార్పు, జెండర్, తల్లిదండ్రుల సంతకం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చెన్నైలో సీబీఎస్‌ఈ బడి, తొమ్మిదో తరగతి విద్యార్థి, తెలుగు కుటుంబం, రికార్డుల్లో అమ్మాయి. తనని మగపిల్లల పేరుతో పిలవమని క్లాస్ టీచర్‌కి చెప్పుకున్న బిడ్డ. ఇంట్లో ఇంకా తెలియదు. బోర్డు రిజిస్ట్రేషన్ దగ్గర పడుతోంది. ఆ పేరుతో పిలవొచ్చా, ఇంట్లో చెప్పి తీరాలా, రిజిస్ట్రేషన్‌లో ఏం రాయాలి, బడికి ఒక పాలసీ రాస్తే అందులో ఏముండాలి, రేపు పెద్దవాళ్లు కోపంతో వచ్చి టీసీ ఇమ్మంటే ఏం చేయాలి.

అన్నిటికంటే ముందు పిలిచే పేరునీ రికార్డు పేరునీ విడదీయండి. బడుల్లో ఈ విషయం మీద జరిగే రభసలో చాలావరకు ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేదే. తరగతిలో ఒకరిని ఏ పేరుతో పిలవాలో నిర్దేశించే చట్టం లేదు. దానికి అఫిడవిట్ అక్కర్లేదు, గెజిట్ అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. మన ఇళ్లలో బారసాల పేరు ఒకటి, బడి పేరు ఒకటి, నానమ్మ పిలిచేది ఇంకొకటి ఉండటం మామూలే. రిజిస్టర్లో 'వెంకట నాగ సత్య శ్రీలక్ష్మి' అని ఉన్న అమ్మాయిని పదేళ్లపాటు 'బుజ్జి' అని పిలిచిన టీచర్లు ఎవరి అనుమతీ తీసుకోలేదు. రికార్డు పేరు సంగతి వేరు. అడ్మిషన్ రిజిస్టర్, బోర్డు పత్రాలు, టీసీ, ఆధార్, ప్రభుత్వ పోర్టళ్లు, వీటిలో 18 ఏళ్లు నిండేవరకు తల్లి, తండ్రి లేదా చట్టబద్ధ సంరక్షకుల సంతకం లేకుండా ఒక్క అక్షరం కదలదు, కదపకూడదు కూడా. బడి జాలిపడి రికార్డు మారిస్తే తర్వాత ఇరుక్కునేది ఆ బిడ్డే.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: పిలవొచ్చు. ఎలా పిలవాలన్న దగ్గర కొంచెం పని ఉంది. ముందు రికార్డు పేరులోంచే ఏదైనా ముక్క నప్పుతుందేమో బిడ్డనే అడగండి. తెలుగు పేర్లకి ఈ వెసులుబాటు ఉంది. సాయి, తేజ, కిరణ్, శశి, జ్యోతి లాంటివి ఇద్దరికీ పెట్టే పేర్లు. 'సాయి తేజస్విని' అని రిజిస్టర్లో ఉంటే 'సాయి తేజ' అనో, ఉత్త 'సాయి' అనో పిలవడానికి ఎవరూ తల ఎత్తి చూడరు. చాలామంది పిల్లలు ఈ మధ్యేమార్గానికి కొన్నాళ్లపాటు సంతోషంగా ఒప్పుకుంటారు. అయితే అది వాళ్లు ఎంచుకోవాలి. 'ఇదే తీసుకో, గొడవుండదు' అని టీచర్ అంటగడితే పాత పేరుతో పిలిచినట్టే ఉంటుంది.

పేరు తర్వాత మాట తీరు. ఇంగ్లీషులో రెండు సర్వనామాల దగ్గర ఆగిపోయే సమస్య తెలుగులో, తమిళంలో క్రియ చివరిదాకా వస్తుంది: వచ్చాడు, వచ్చింది. తమిళ టీచర్ల నోట డా, డీ, తెలుగు టీచర్ల నోట రా, వే మాటమాటకీ దొర్లుతుంటాయి. స్టాఫ్‌కి ఒక్క సూచన చాలు: ఈ సెక్షన్లో ఎవరినీ డా, డీ అనొద్దు, పేరుతోనో 'నువ్వు' అనో పిలవండి. అందరికీ ఒకే రూలు పెడితే ఒక్కరి మీద వేలు పడదు. ప్రోగ్రెస్ రిపోర్టు వ్యాఖ్యల్లో పేరు రాసి వాక్యం ముగించండి. రిపోర్టు సాఫ్ట్‌వేర్ రికార్డులోని జెండర్‌ని బట్టి సర్వనామాన్ని తనే నింపేస్తుంది, దాన్ని ఆ సెక్షన్ మొత్తానికీ చేత్తో సరిచూడాలి.

ఇక్కడ ఒక పక్క మాట. అమెరికాలో ఉన్న బంధువులు ఫార్వర్డ్ చేసే వార్తలు చూసి మన బడుల్లో రూళ్లు రాసే అలవాటు వచ్చింది. అక్కడ రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియా 2024లో చేసిన ఏబీ 1955 చట్టం, విద్యార్థి జెండర్ సంగతి ఇంట్లో చెప్పి తీరాలని టీచర్లని నిర్బంధించకూడదంది. ఫ్లోరిడాలో 2023లో వచ్చిన నిబంధన ప్రకారం రికార్డులో లేని ముద్దుపేరుతో పిలవాలన్నా తల్లిదండ్రులు ఫారం నింపివ్వాలి. రెండూ అడయార్‌లో గానీ అంబత్తూర్‌లో గానీ చెల్లవు.

మరి ఇక్కడ ఇంట్లో చెప్పి తీరాలా? ఫలానా బిడ్డ ఫలానా పేరుతో పిలవమన్నాడని తల్లిదండ్రులకి తప్పనిసరిగా తెలపాలని మన చట్టం అనదు. దాచమనీ అనదు. మధ్యలో బడికి వివేచన మిగులుతుంది. ఆ వివేచనకి కొన్ని గట్లు ఉన్నాయి. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల మీద ఇచ్చిన నాల్సా తీర్పులో సుప్రీంకోర్టు జెండర్ గుర్తింపుని వ్యక్తి గౌరవంలో, స్వేచ్ఛలో భాగంగా చూసింది. 2017లో గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మూడో సెక్షన్ పిల్లల మేలు, పిల్లల మాట వినడం, వాళ్ల గోప్యత, మూడింటినీ మూల సూత్రాలుగా పెట్టింది. అదే సెక్షన్లో బిడ్డ బాధ్యత మొదట కుటుంబానిదే అన్న సూత్రమూ ఉంది. కాబట్టి ఇంటిని శత్రువుగా చూసే బడి, బిడ్డని దొంగగా చూసే బడి, రెండూ దారి తప్పినట్టే.

ఆచరణలో మొదటి మాటలు ఎలా ఉండాలంటే, బడి కౌన్సిలర్‌తో (పిల్లల మాట విని సలహా చెప్పేవారితో) ఒంటరిగా, తలుపు పూర్తిగా మూయకుండా, ఎవరికీ వినపడకుండా. 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకూడదు. 'నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను, నీ ప్రాణానికి ముప్పుందనిపిస్తే తప్ప' అనాలి. ఈ రెండు వాక్యాల మధ్య తేడా కౌన్సిలర్‌కి తెలిసి ఉండాలి. తర్వాత అడగాల్సినవి: ఏ పేరు, ఎవరెవరి నోట, తరగతిలోనేనా బస్సులో కూడానా, ఇంట్లో ఎవరికైనా అనుమానం ఉందా, తెలిస్తే ఏమవుతుందని నీకనిపిస్తోంది, ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే ఏ పేరు వాడాలి. ఆ చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. జ్వరం వచ్చి తల్లికి ఫోన్ చేసిన రోజు నర్సు నోట కొత్త పేరు వస్తే ఆరు నెలల జాగ్రత్త అరనిమిషంలో పోతుంది.

ఏం జరుగుతుందన్న ప్రశ్నకి వచ్చే జవాబే తర్వాతి అడుగుని నిర్ణయిస్తుంది. 'అమ్మ ఏడుస్తుంది, నాన్న వారం మాట్లాడడు' అంటే అది బాధే గానీ ప్రమాదం కాదు, రెండు మూడు నెలల్లో ఇంట్లో చెప్పే దిశగా బిడ్డని సిద్ధం చేయొచ్చు. 'చదువు మాన్పిస్తారు, ఊరికి పంపి పెళ్లి చేస్తారు, కొడతారు' అంటే ఇంట్లో చెప్పడం వాయిదా వేసి, ఆ మాటని తేదీతో రాసి ఉంచండి. కొట్టడం ఇప్పటికే జరుగుతుంటే పిల్లల సహాయ లైను 1098కి చెప్పండి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే ఇక వివేచన లేదు, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పాలి, చెప్పకపోవడమే నేరం. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వచ్చినా గోప్యత పక్కన పెట్టాలి. ఆ రోజే ఇంట్లో నమ్మకమైన పెద్దని పిలవాలి, కానీ చెప్పాల్సింది ప్రాణాపాయం గురించి, జెండర్ గురించి కాదు. మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీమానస్ 14416, తమిళనాడు విద్యా సహాయ లైను 14417 నంబర్లు కౌన్సిలర్ గది గోడ మీద ఉండాలి.

తల్లో తండ్రో సూటిగా అడిగితే? అబద్ధం ఆడొద్దు. అబద్ధం బయటపడ్డాక ఆ కుటుంబంతో బడికి మాటే మిగలదు, ఆ తర్వాత బిడ్డకి అండ ఉండదు. 'మీ బిడ్డ కౌన్సిలర్‌తో మాట్లాడుతున్న మాట నిజం, ప్రమాదమేమీ లేదు, ముగ్గురూ కలిసి కూర్చుని మాట్లాడుకుందాం' అనడం నిజమే, సరిపోయేదే. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేలోగా బిడ్డకి ఆ సంగతి చెప్పడం మీ బాధ్యత.

ఇప్పుడు అసలు కష్టం. ఇంట్లో చెప్పాలా వద్దా అని స్టాఫ్ రూములో వారాలు చర్చించుకుంటారు. ఈలోగా బడి యాప్ చెప్పేస్తుంది. గుట్టు బయటికి పోయేది నిర్ణయాల వల్ల తక్కువ, యంత్రాల వల్ల, జాబితాల వల్ల ఎక్కువ. గూగుల్ క్లాస్‌రూములో పేరు మారిస్తే ఇంట్లో లాప్‌టాప్ మీద అమ్మ చూస్తుంది. హాజరు యాప్‌లో పేరు మారిస్తే గైర్హాజరు మెసేజి కొత్త పేరుతో వెళ్తుంది. పుట్టినరోజుల బోర్డు, క్లాస్ ఫొటో కింద పేర్లు, యాన్యువల్ డే ఆహ్వానపత్రిక, బస్సు అటెండరు దగ్గరి చీటీ, నోటుబుక్కు మీద అంటించే లేబులు, అదే బడిలో మూడో తరగతి చదివే చెల్లెలు, తల్లుల వాట్సాప్ గ్రూపు, ఇవన్నీ కన్నాలే. పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) రోజున సబ్జెక్టు టీచరు తండ్రి ముందు అలవాటుగా కొత్త పేరు అనేయడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది. ఆ రోజు ఉదయం కౌన్సిలర్ ఆ సెక్షన్ టీచర్లకి ఒకసారి గుర్తు చేస్తే పోతుంది.

దీనికి మందు, డిజిటల్ వ్యవస్థల జోలికి పోకుండా కాగితం మీద ఉంచడం. సెక్షన్ మొత్తానికీ సీటింగ్ చార్టు ఒకటి వేసి, అందులో 'పిలిచే పేరు' అని ఒక గడి అందరికీ పెట్టండి. సగంమంది పిల్లలు ఏదో ఒకటి రాస్తారు. ఒకరి బదులు పీరియడ్‌కి వచ్చే టీచరు ఆ చార్టు చూసి పిలుస్తారు. హాజరుకి రోల్ నంబరు వాడితే సరి. బడిలోపలి పోటీల సర్టిఫికెట్ల మీద పిలిచే పేరు వేసినా నష్టం లేదు గానీ, అవి ఇంటికి వెళ్తాయి కాబట్టి ఏ పేరు వేయాలో బిడ్డనే అడగండి. జిల్లా స్థాయి ఆటలు, ఒలింపియాడ్లు, స్కాలర్‌షిప్ పరీక్షలు, రేపు ఏదైనా కోటాకి పనికొచ్చే కాగితం ఏదైనా సరే, రికార్డు పేరే ఉండాలి. పేరు కలవని సర్టిఫికెట్‌ని కాలేజీ అడ్మిషన్ కౌంటర్లో ఎవరూ ఒప్పుకోరు.

కౌన్సిలర్ నోట్సు మామూలు విద్యార్థి ఫైల్లో పెట్టొద్దు. టీసీ రాసేటప్పుడు, ఇన్‌స్పెక్షన్ అప్పుడు ఆ ఫైలు పదిమంది చేతులు మారుతుంది. వేరే కవరు, తాళం, చూసే అధికారం ఇద్దరికి: కౌన్సిలరు, ప్రిన్సిపాలు. కరస్పాండెంట్‌కి విషయం తెలియాల్సి వస్తే మాటతో చెప్పండి, మెయిల్ వద్దు. 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు అందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది. వాళ్ల డేటాని డిజిటల్‌గా సేకరించాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి అడుగుతుంది. బిడ్డ మేలుకి హాని చేసే వాడకాన్ని వద్దంటుంది. జెండర్ గురించిన నోట్సుని సాఫ్ట్‌వేర్లో ఎక్కించకపోవడానికి ఇదొక్కటే చాలిన కారణం.

క్లర్కులు మంచి మనసుతో చేసే ఒక తప్పు చాలా దూరం పోతుంది. బడులు విద్యార్థుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో జెండర్ గడికి అబ్బాయి, అమ్మాయి, ట్రాన్స్‌జెండర్ అని మూడు ఎంపికలున్నాయి. విషయం చెవిన పడ్డ క్లర్కు 'సరైనది పెడదాం' అని మూడోది నొక్కేస్తారు. కాగితం లేకుండా ఆ గడి మార్చే అధికారం బడికి లేదు. పైగా అపార్ ఐడీ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే చదువు గుర్తింపు సంఖ్య) పుట్టాలంటే ఆధార్ వివరాలూ యూడైస్ వివరాలూ కలవాలి. కలవక ఆగిపోయాక, ఎందుకు ఆగిందని తండ్రి ఆఫీసుకి వస్తారు. అక్కడ కౌంటర్ మీద, పదిమంది ముందు, తెర తిప్పి చూపిస్తారు. ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగలదు.

ఇంట్లో చెప్పే రోజు వచ్చిందనుకుందాం. బిడ్డ ఒప్పుకున్నాకే ఆ రోజు పెట్టండి. పరీక్షల వారం వద్దు, పండక్కి ముందు వద్దు, సెలవులకి ముందు రోజు అసలే వద్దు. చెప్పిన మర్నాడు బిడ్డ బడికి రావాలి, ఎలా ఉందో మీ కళ్లతో చూడాలి. తల్లీ తండ్రీ ఇద్దరినీ పిలవండి, కానీ ఇద్దరిలో ఎవరు తట్టుకుంటారో బిడ్డకి తెలుసు, ముందు ఒక్కరే అంటే ఒక్కరే. మేనమామ, పెదనాన్న, అపార్ట్‌మెంట్ సంఘం పెద్ద తోడు వస్తామంటే మర్యాదగా రిసెప్షన్లో కూర్చోబెట్టండి. కౌన్సిలర్‌కి తమిళం, ఇంగ్లీషే వస్తే తెలుగు వచ్చిన టీచర్ని ముందే సిద్ధం చేసి కూర్చోబెట్టాలి. ఇలాంటి మాట పరాయి భాషలో వింటే పెద్దవాళ్లకి మొదట వినపడేది అవమానమే. అనువాదానికి బిడ్డని వాడుకోవద్దు.

ఏం చెప్పాలి? 'మీ అమ్మాయి అబ్బాయిగా మారిపోతోందట' అని మొదలుపెడితే ఆ తర్వాత చెప్పేదేదీ వాళ్ల చెవికెక్కదు. 'తనని బడిలో ఈ పేరుతో పిలిస్తే బాగుంటుందని మీ బిడ్డ అడుగుతోంది, ఆ సంగతి మీకు తనే చెప్పాలనుకుంటోంది' అని విషయాన్ని ఉన్నంతలోనే ఉంచండి. వెంటనే మూడు సంగతులు స్పష్టంగా చెప్పండి: రికార్డులో ఏమీ మార్చలేదు, మీ సంతకం లేకుండా మార్చం కూడా; బడి ఏ డాక్టరు దగ్గరికీ పంపలేదు; చదువు ఎలా ఉందో ఇదిగో మార్కులు. పెద్దవాళ్ల భయంలో సగం ఈ మూడింటి చుట్టూనే ఉంటుంది. మిగతా సగం 'నలుగురూ ఏమంటారు', 'రేపు పెళ్లెలా'. వాటికి బడి దగ్గర జవాబుల్లేవు, ఉన్నట్టు నటించొద్దు. 'స్నేహితుల వల్లేనా, ఫోన్ వల్లేనా' అని అడుగుతారు. వాదించకండి. 'కారణం వెతకడం మా పని కాదు, తను క్షేమంగా చదువుకోవడం మా పని' అంటే చాలు.

'దీన్ని మాన్పించే డాక్టరు ఎవరైనా తెలుసా' అన్న ప్రశ్న దాదాపు తప్పకుండా వస్తుంది. దీనికి మాత్రం గట్టిగా జవాబివ్వండి. 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఉత్తర్వు, లైంగికతని, జెండర్‌ని బలవంతంగా మార్చే 'చికిత్స'ని నిషేధించింది. 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా తేల్చింది. అలాంటి చోటికి బడి చీటీ రాసిస్తే బడీ అందులో భాగమవుతుంది. కుటుంబానికి మామూలు మానసిక వైద్యుల సాయం కావాలంటే, ప్రభుత్వాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి.

మీ మూడో ప్రశ్న, రిజిస్ట్రేషన్. పెద్దవాళ్ల సంతకంతో చట్టబద్ధంగా మారితే తప్ప, తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లో రికార్డు పేరే వెళ్లాలి. ఆ పేరే పదో తరగతి ఎల్‌ఓసీకి (పరీక్ష రాసేవాళ్ల జాబితాకి), మార్కుల జాబితాకి పోతుంది. అలాగని ఇదే ఆఖరి అవకాశం అన్న భయం వద్దు. 2021 జూన్ 3న జిగ్యా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు పేరుని వ్యక్తి గుర్తింపులో, భావప్రకటనలో భాగంగా చూసి, సర్టిఫికెట్ ఇచ్చాక కూడా మార్పు కోరుకునే దారి సీబీఎస్‌ఈ మూసేయకూడదంది. ఆధార్, జనన ధ్రువపత్రం లాంటి పత్రాల్లో కొత్త పేరు ఇప్పటికే ఉంటే ఒక దారి, లేకుంటే కోర్టు డిక్లరేషన్, గెజిట్ రెండూ కావాలన్న ఇంకో దారి. 18 నిండాక ఆ బిడ్డే తన సంతకంతో ఇదంతా చేసుకోగలదు. రిజిస్ట్రేషన్‌కి ముందు మార్చుకోవడం చవక, తేలిక, అంతే. ఆలస్యమైతే తలుపు మూసుకుపోదు. ఈ మాట ఇంట్లోవాళ్లకీ బిడ్డకీ ఇద్దరికీ చెప్పండి, తొందరలో జరిగే సగం గొడవలు ఆగుతాయి.

ఇంట్లో ఒప్పుకుని ఇప్పుడే మారుద్దామంటే వరస ముఖ్యం. తెలుగు కుటుంబాలకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పురిటికి పుట్టింటికి వెళ్లడం వల్ల బిడ్డ నెల్లూరులోనో తిరుపతిలోనో పుట్టి ఉంటుంది. జననం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రారే ఆ పత్రాన్ని సరిచేయాలి, చెన్నై కార్పొరేషన్ ముట్టుకోదు. అక్కడ అక్షర దోషం దిద్దడం సులువు, పేరే మార్చమంటే చాలాచోట్ల ఒప్పుకోరు. అప్పుడు తల్లో తండ్రో అఫిడవిట్ ఇచ్చి గెజిట్‌లో వేయించాలి. తమిళనాడులో అది స్టేషనరీ అండ్ ప్రింటింగ్ శాఖ పని, మైనరు తరఫున పెద్దవాళ్లే దరఖాస్తు చేయాలి. గెజిట్ చేతికొచ్చాక ఆధార్. ఆ తర్వాత బడి అడ్మిషన్ రిజిస్టర్, యూడైస్, ఆ తర్వాతే బోర్డు. వెనకాముందూ చేస్తే ఒకదానికొకటి కలవక అన్నీ ఆగుతాయి.

ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, జెండర్ ఒక్కసారే. మన పిల్లలకి ఒక అవకాశం ఎలా ఖర్చయిపోతుందంటే, ఇంటిపేరు వల్ల. తమిళ పద్ధతిలో ఇనీషియల్ అంటే తండ్రి పేరులోని మొదటి అక్షరం. మన పద్ధతిలో ఇంటిపేరు, అదీ ముందు. ఆధార్‌లో 'కొల్లి సాయి తేజస్విని', బడిలో 'సాయి తేజస్విని ఆర్' అని ఉంటుంది. దీన్ని కలపడానికి ఎవరో ఒకసారి ఆధార్ మార్చేసి ఉంటారు. కాబట్టి ముందు ఎన్నిసార్లు మారిందో చూసుకోండి. ఇంటిపేరు, ఇనీషియలు, కొత్త పేరు, స్పెల్లింగు అన్నీ ఒకే దఫాలో తేల్చుకోండి. అమ్మానాన్నలు విడిపోయి ఉంటే కస్టడీ ఉత్తర్వు కాపీ తీసుకోండి. తండ్రి లేనప్పుడు బిడ్డ ఇంటిపేరుని తల్లే నిర్ణయించవచ్చని 2022 జులై 28న సుప్రీంకోర్టు ఒక తెలుగు కుటుంబం కేసులోనే చెప్పింది.

జెండర్ గడి మార్పు ఇంకో దారి. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చే గుర్తింపు పత్రాన్ని పెట్టింది, మైనరు తరఫున తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు చేయాలంది. కేంద్రం పోర్టల్ 2020 నవంబరు నుంచి ఉంది. దరఖాస్తు వేసే రోజున అమల్లో ఉన్న చట్టం పాఠం, పోర్టల్లో ఉన్న ఫారం, ఇవే ప్రమాణం. ఎవరో ఇచ్చిన పాత ప్రింటవుట్ పట్టుకుని ముందుకెళ్లొద్దు. తొమ్మిదో తరగతిలో ఈ పత్రం కోసం కుటుంబాన్ని బడి తొందరపెట్టడం నా దృష్టిలో తప్పు. పిలిచే పేరుకి ఆ పత్రంతో పనేలేదు.

మరుగుదొడ్డి, యూనిఫాం గురించి రెండు ముక్కలు. గొళ్లెం ఉన్న ఒంటి గది ఒకటి ఏ విద్యార్థి అయినా వాడుకునేలా తెరిచి ఉంచండి, తాళం హెచ్‌ఎం టేబుల్ మీద ఉంటే అది ఉన్నట్టు కాదు. రోజంతా నీళ్లు తాగకుండా ఉండే పిల్లలకి మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వస్తాయి, నర్సు ఇది గమనించాలి. యూనిఫాంలో ప్యాంటు, షర్టు ఎవరైనా వేసుకోవచ్చని అందరికీ రాస్తే దరఖాస్తులే ఉండవు.

పాలసీకి ఆధారం కావాలన్నారు. పైన చెప్పిన 2021 మద్రాసు హైకోర్టు ఉత్తర్వులోనే బడులు, కాలేజీల గురించి విడిగా ఉంది: జెండర్‌తో నిమిత్తం లేని మరుగుదొడ్లు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల చదువు రికార్డుల్లో పేరు, జెండర్ మార్చే వీలు, దరఖాస్తుల్లో మూడో గడి, అర్థం చేసుకునే కౌన్సిలర్లు, పేరెంట్ టీచర్ సంఘాల ద్వారా తల్లిదండ్రులకి అవగాహన. 2019 చట్టం మూడో సెక్షన్ చదువుకునే చోట వివక్షని నిషేధించింది, 13వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపున్న సంస్థలన్నీ వివక్ష లేకుండా చదువు, ఆటలు అందించాలంది, 11వ సెక్షన్ ఫిర్యాదుల అధికారి ఒకరు ఉండాలంది. ఎన్‌సీఈఆర్‌టీ 2021లో పెట్టిన టీచర్ల కరదీపికని మాత్రం పాలసీలో ఆధారంగా చూపకండి, బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పాక అది వెబ్‌సైటు నుంచి పోయింది.

పాలసీకి జెండర్ అని పేరు పెట్టొద్దన్నది నా సలహా. 'విద్యార్థుల పేర్ల విధానం' అని పెట్టి అందరికీ వర్తింపజేయండి. అందులో అసలు భాగం ఇంతే ఉంటే చాలు:

'తరగతిలో తనని పిలవాల్సిన పేరుని ఏ విద్యార్థి అయినా క్లాస్ టీచర్‌కి చెప్పవచ్చు, కారణం చెప్పనవసరం లేదు. ఆ పేరు తరగతి గదిలోని పిలుపుకే. అడ్మిషన్ రిజిస్టర్, బోర్డు పత్రాలు, మార్కుల జాబితా, టీసీ, ప్రభుత్వ పోర్టళ్లలో చట్టబద్ధమైన పేరే ఉంటుంది. వాటిలో మార్పుకి 18 ఏళ్ల లోపు వారి విషయంలో తల్లి, తండ్రి లేదా సంరక్షకుల రాతపూర్వక అభ్యర్థన, చట్టం అడిగే పత్రాలు కావాలి. 18 నిండినవారికి వారి సంతకమే చాలు. కౌన్సిలర్‌తో మాట్లాడినవి గోప్యంగా ఉంటాయి, ప్రాణానికి లేదా భద్రతకి ముప్పున్నప్పుడు, చట్టం చెప్పమన్నప్పుడు తప్ప.'

ఇంకో వాక్యం కలపండి: టర్ముకి ఒకసారే మార్చుకోవచ్చు, ఎగతాళి పేర్లు కుదరవు. లేకపోతే మొదటి వారంలోనే వెనక బెంచీ అంతా రెబల్ స్టార్లు, మెగాస్టార్లతో నిండిపోతుంది. మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానం నంబరు, తేదీ కింద వేసి, డైరీలో అచ్చు వేయించండి. అడ్మిషన్ రోజున తల్లిదండ్రులు సంతకం పెట్టే నియమాల్లో ఇది ముందే ఉంటే, 'మాకు చెప్పకుండా వేరే పేరుతో పిలిచారు' అన్న ఫిర్యాదుకి జవాబు వాళ్ల చేతిలోని డైరీలోనే ఉంటుంది.

ఇక టీసీ. బడి తనంతట తాను టీసీ ఇచ్చి పంపేయడం, 'వేరే బడి చూసుకుంటే మంచిదేమో' అని సలహా రూపంలో చెప్పడం, రెండూ 2019 చట్టం మూడో సెక్షన్ కిందికి వచ్చే వివక్షే. తల్లిదండ్రులే అడిగితే ఆపే హక్కు బడికి లేదు. ఫీజు బాకీ ఉందని ఆపడమూ కుదరదు, టీసీ బాకీ వసూలు సాధనం కాదని 2024 జులైలో మద్రాసు హైకోర్టు తేల్చింది. అయితే ఇచ్చేముందు ఒక్క సంగతి చెప్పండి: తొమ్మిదిలో రిజిస్ట్రేషన్ అయ్యాక పదో తరగతికి సీబీఎస్‌ఈ బడి మారాలంటే బోర్డు అనుమతి కావాలి, తల్లిదండ్రుల బదిలీ లాంటి కారణాలు, వాటికి కాగితాలు అడుగుతారు. ఈ మాట విన్నాక చాలామంది ఏడాది ఆగుదామంటారు, ఆ ఏడాదిలో చాలా మారుతుంది. అయినా కావాలంటే ఇవ్వండి, రికార్డు పేరుతో, ప్రవర్తన గడిలో 'బాగుంది' అని, మరే వ్యాఖ్యా లేకుండా. కౌన్సిలర్ కవరు కొత్త బడికి పంపొద్దు. ఏ బడిలో చేరుస్తున్నారో అడిగి రాసుకోండి. ఎక్కడా చేర్చడం లేదని, ఊరికి పంపుతున్నారని తెలిస్తే ఆ రోజే 1098కి చెప్పండి.